పోచంపల్లి చీర మీద ఏడు ఆర్టికల్స్ రాసిన ముచ్చట

మా మామది పోచంపల్లి. భూదాన్ పోచంపల్లి అని బోర్డు మీద ఉంటది గని మా నోట్ల మాత్రం ఉత్త పోచంపల్లే. నేను ఉండేది నల్గొండల, నా పని కంప్యూటర్ ముందే గని చీరలకు ఏం సంబంధం లేనిది. రెండేండ్ల కింద ఒక పెండ్లిల మామ నన్ను పట్టుకొని "ఏంరా అల్లుడా, అందరు ఆన్‌లైన్ల అమ్ముకుంటున్నరట, నువ్వు గింత చదువుకొని మాకేం లాభం" అన్నడు. అందరి ముందల అన్నడు. నాకు పౌరుషం వచ్చి ఆ ఆదివారమే కూసొని వెబ్‌సైట్ చేసి పడేసిన. వర్డ్‌ప్రెస్, ఒక ఫ్రీ థీమ్, పద్దెనిమిది చీరల ఫోటోలు, కింద వాట్సాప్ బటన్. ఇగ ఆర్డర్లు వరుస కడతయి అనుకున్న.

ఆరు నెలలు ఒక్కటి రాలే. అబద్ధం ఎందుకు, ఒకటి వచ్చింది, అది మా అక్క పెట్టింది, డబ్బులు కూడా ఇయ్యలే.

అప్పుడు హైదరాబాద్ల ఒక ఏజెన్సీ వాళ్లు దొరికిన్రు, పేరెందుకు గని, "మేం ఇరవై ఆర్టికల్స్ రాసి వంద సైట్లల్ల సబ్మిట్ చేస్తం, మూడు నెలల్ల మీరు గూగుల్ల ఫస్ట్ పేజీల ఉంటరు" అన్నరు. నేను ఐటీ పిలగాన్నే కదా, నాకన్న తెల్వాలె, అయినా పైసలు కట్టిన. వాళ్లు పంపిన మొదటి ఆర్టికల్ తెరిచి చూస్తే రెండో లైన్లనే "పోచంపల్లి ప్రింట్ చీరలు" అని ఉంది. ప్రింట్! మామకు చదివి వినిపిస్తే తింటున్న పళ్లెం పక్కకు జరిపిండు. పోచంపల్లి చీరను ప్రింట్ అనుడంటే ఆ ఊర్ల తిట్టుడు కింద లెక్క. పవర్‌లూమ్ గుడ్డ మీద అదే డిజైన్ అచ్చు కొట్టి పోచంపల్లి అని అమ్మేటోళ్లతోనే కదా వీళ్ల బాధంతా, జీఐ ట్యాగ్ (ఇది ఆ ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే గుర్తింపు) ఉన్నా బజార్ల అదే నడుస్తది. మిగిలిన పంతొమ్మిది ఆర్టికల్స్ కూడా అంతే, ఒకటే ముచ్చటను పదాలు మార్చి మార్చి తిప్పిన్రు. ఇట్ల ఒక్క ఆర్టికల్‌ను తిప్పి తిప్పి వంద డైరెక్టరీలల్ల పడేసుడు అనే ఆట 2011ల ఇసుంటి చెత్త, నకలు పేజీలను కిందికి తోసే గూగుల్ పాండా అప్‌డేట్ వచ్చినప్పుడే సగం చచ్చిపోయింది, ఆ మరుసటి ఏడు 2012ల పెంగ్విన్ వచ్చి దొంగ లింకుల పని కూడా పట్టింది. ఇప్పటికి కూడా దాన్ని అమ్ముతున్నరంటే కొనే నా అసుంటోళ్లు ఉన్నరు కాబట్టే.

సరే, అవి ఒక్కటి కూడా పెట్టలే. పైసలు పోయినయి. ఇగ నేనే రాస్త అన్న.

రాస్త అన్న గని ఏం రాయాలె? మొదట కూసొని "పోచంపల్లి చేనేత చరిత్ర, ప్రాముఖ్యత" అని హెడ్డింగ్ పెట్టి 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఊరికి రావుడు, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చుడు అన్నీ రాసిన, బడి పిలగాని వ్యాసం లెక్క. భూదానం గొప్పదే, ఎవ్వరు కాదనరు, గని చీర కొననీకి వచ్చిన మనిషికి దాంతోని ఏం పని? మధ్యల ఆపేసిన.

తొవ్వ చూపించింది ఒక ఫోన్. నేను మామ ఇంట్ల ఉన్నప్పుడే ఎవరో బెంగళూరు నుంచి ఒకామె, తెలుగామెనే, ఫోటో చూసి ఫోన్ చేసింది, మామ స్పీకర్ల పెట్టిండు. ఆమె అడిగిన మొదటి మాట "అండీ ఇది నేసిందేనా, ప్రింటా, ఎట్ల తెలుస్తది?" మామ చెప్పిండు, చీర తిప్పి చూడమ్మా, రెండు దిక్కులా ఒకే తీరు ఉంటది, ప్రింట్ అయితే వెనక మాసిపోయినట్టు ఉంటది, డిజైన్ అంచు కూడా చూడు, మనది గీత గీసినట్టు ఉండదు, జర పాకినట్టు ఉంటది అని. ఆమె వెంటనే "అట్ల ఎందుకు పాకుతది?" అన్నది. దారానికే ముందు రంగు వేస్తం కాబట్టి అన్నడు. "మరి దారానికి రంగు వేస్తే డిజైన్ ఎట్ల వస్తది?" అన్నది. మామ చిటికి కట్టుడు, అంటే రంగు అంటొద్దన్న కాడ దారాన్ని బిగించి కట్టుడు, చెప్పిండు. "అంత పని ఉంటే రేటు అందుకేనా?" అన్నది. రేటు చెప్పిండు. చివరికి "ఉతికితే రంగు పోతదా?" అన్నది.

ఇరవై నిమిషాల ఫోన్. నేను పక్కన కూసొని మామ బిల్లు బుక్కు వెనక అట్ట మీద ఆమె అడిగినయన్నీ రాసుకున్న. ఐదు ప్రశ్నలు. ఒకదాని జవాబుల నుంచి ఇంకొకటి పుట్టుకొచ్చింది, ఎవ్వరు ప్లాన్ చేయలే. నాకు అప్పుడు అర్థమయింది, రాయాల్సింది ఇరవై వేర్వేరు ఆర్టికల్స్ కాదు, ఒక పెద్ద వ్యాసం అసలే కాదు, ఈ ఫోన్ కాల్‌నే ముక్కలు చేసి రాయాలె, ఒక్కో ప్రశ్నకు ఒక్కో ఆర్టికల్, ప్రతీ దాని చివర్ల వచ్చే అనుమానమే తర్వాతి ఆర్టికల్‌కు హెడ్డింగ్.

మొదటిది "నేసిన ఇక్కత్‌కు, ప్రింట్ ఇక్కత్‌కు తేడా ఎట్ల పట్టాలె". ఇక్కత్ అంటే ఇట్ల దారానికే ముందు రంగు వేసి నేసే డిజైన్. రెండు చీరలు తెచ్చి, ఒకటి మామది, ఒకటి బజార్ల కొన్న ప్రింట్‌ది, వెనక మర్ల తిప్పి పక్కపక్కన ఫోటో తీసిన. ఫోన్ కెమెరానే. రాసింది ఐదారు పేరాలు, అంతే.

రెండోదానికి ఆసు తీసుకున్న. ఆసు అంటే తెల్వనోళ్లకు: ఒక దిక్కు ఒక్క మేకు, ఇంకో దిక్కు అర్ధచంద్రం లెక్క వరుసగా మేకులు, ఆ దారం పోగును ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు చెయ్యి చాపి చాపి చుట్టాలె, అట్ల చుట్టినాకనే దాని మీద డిజైన్ కట్టనీకి వస్తది. ఒక్క చీరకు తొమ్మిది వేల మార్లు చెయ్యి అటు ఇటు పోవాలె. మా అత్తమ్మ ముప్పై ఏండ్లు చేసింది, ఇప్పుడు ఆమె కుడి చెయ్యి భుజం పైకి లేవదు, బతుకమ్మ పేర్చేటప్పుడు పై వరుసలు నా బిడ్డ పెడతది. ఈ పని చూడలేకనే ఆలేరు దిక్కు శారాజీపేటల చింతకింది మల్లేశం వాళ్లమ్మ కోసం ఆసు మిషన్ చేసిండు, ఏండ్ల తరబడి తిప్పలు పడి 1999ల పూర్తి చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది, వాళ్లమ్మ పేరు మీదనే లక్ష్మీ ఆసు యంత్రం. ఇవన్నీ పేపర్లల్ల వచ్చినయే. నేను అదనంగ పెట్టింది ఏందంటే అత్తమ్మ పాత ఆసు ముందల కూసొని చేసి చూపిస్తుంటే తీసిన నలభై సెకన్ల వీడియో, మాటల్లేవు, ఉత్త చప్పుడే. ఆ పేజీ మీద జనం ఆగినంత సేపు ఇంకే పేజీ మీద ఆగలే.

మూడోది చిటికి కట్టుడు, రంగు. ఇదే నాకు చీవాట్లు పెట్టించింది. నేను రాసుకొని పోయి రాత్రి అన్నం తిన్నాక మామకు చదివిన. "డిజైన్ ప్రకారం దారానికి రబ్బరు ముక్కలు కట్టి రంగుల ముంచుతరు, కట్టిన కాడ రంగు అంటదు" అని రాసిన. మామ వినుకుంట వినుకుంట "ఆగు" అన్నడు. "ఒక్కసారి కట్టి ఒక్కసారి ముంచుతే అయిపోతదారా? ముందల లేత రంగు. పసుపు ముంచినవనుకో, పసుపు ఉండాల్సిన కాడ మళ్ల కట్టాలె, అప్పుడు ఎర్ర ముంచాలె, ఎర్ర ఉండాల్సిన కాడ మళ్ల కట్టి ఆఖరుకు నల్ల. ఇప్పేది అన్నీ అయినాకనే. ఇది రాయకపోతే నువ్వు రాసింది ఎందుకు?" నేను పెన్ను పట్టుకొని రాసుకుంటుంటే లేసిపోయి ఒక పోగు తెచ్చి నా చేతుల పెట్టిండు, పాత సైకిల్ ట్యూబును సన్నగ కోసిన ముక్కలు వరుసగ కట్టి ఉన్నయి, గట్టిగ, గోరుతోని కూడా ఊడదు. "ఒకటి విప్పు చూద్దాం" అన్నడు. నేను విప్పుతుంటే నా వేలికి రంగు అంటి రెండు రోజులు పోలే, ఆఫీసుల అందరు ఓటు వేసినవా అని అడిగిన్రు.

ఆ పేరా మొత్తం మళ్ల రాసిన. అప్పటి నుంచి ఒక రూల్ పెట్టుకున్న, ఏ ఆర్టికల్ అయినా పబ్లిష్ బటన్ నొక్కే ముందల మామకు గట్టిగ చదివి వినిపియ్యాలె. ఎస్‌ఈఓ, అంటే గూగుల్ల సైట్ పైకి రావాలంటే ఏం చేయాలె అన్నదాని గురించి వంద వీడియోలు చూసిన, ఇది ఒక్కడు చెప్పలే.

ఇప్పుడు ఎవరన్న సిరీస్ రాద్దామనుకునేటోళ్లు ఉంటే, నేను చేసిన తప్పులు చెప్త. మొదటి తప్పు హెడ్డింగ్‌లు. నేను మొదట "పోచంపల్లి కథ: భాగం 1, భాగం 2" అని పెట్టిన, టీవీ సీరియల్ లెక్క. గూగుల్ల భాగం 2 అని ఎవ్వరు వెతకరు. ఇంకోటి, చదివేటోళ్లు మొదటి భాగం నుంచి మొదలు పెడతరు అనుకున్న. హైదరాబాద్ నుంచి నల్గొండ బస్సుల అందరు ఎంజీబీఎస్‌లనే ఎక్కుతరా? ఎల్బీనగర్ల ఎక్కేటోళ్లు ఉంటరు, చౌటుప్పల్ల ఎక్కి చిట్యాలల దిగిపోయేటోళ్లు ఉంటరు, కండక్టర్ ప్రతీ ఒక్కన్ని ఎక్కడికి అని అడిగి టికెట్ కొడతడు కదా, అట్లనే ప్రతీ ఆర్టికల్ కొత్తగ ఎక్కినోనికి కూడా అర్థం కావాలె. అందుకని ప్రతీ దాని మొదట్ల రెండు లైన్లల్ల సంగతేందో చెప్పి, మధ్యల ఎక్కడ అవసరమో అక్కడ వేరే ఆర్టికల్‌కు లింక్ ఇచ్చిన, అది కూడా "ఇక్కడ క్లిక్ చేయండి" అని కాదు, "ఆసు అంటే ఏంది" అన్న మాటలకే లింక్ పెట్టిన. గూగుల్ బాట్ (సైట్లను చదువుకుంట తిరిగే గూగుల్ ప్రోగ్రాం) లింకులు పట్టుకొనే ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోతది, లింక్ మీద ఏం మాటలు ఉన్నయో చూసే ఆ పేజీ దేని గురించో అంచనా వేస్తది. మనిషి కూడా అంతే అనుకోండి.

రెండో తప్పు రేటు. చీర ధర ఎందుకంత అనేది నాలుగో ఆర్టికల్ల రాసిన, సింగిల్ ఇక్కత్ అంటే పడుగుకో (నిలువు దారం) పేకకో (అడ్డం దారం) ఏదో ఒకదానికే చిటికి, డబుల్ ఇక్కత్ అంటే రెండింటికీ కట్టాలె, నేసేటప్పుడు పడుగు మీది పువ్వు మీద పేకల పువ్వు సరిగ్గ వచ్చి కూసోవాలె, గుజరాత్ల పటాన్ పటోలా చేసేటోళ్లు, మన దిక్కు వీళ్లు, ఇట్ల లెక్కకు కొందరే చేస్తరు, అందుకే ఆ రేటు అని. బాగనే ఉంది. ఊకోక ఇంకో నెలకు "పోచంపల్లి చీర రేటు ఎంత" అని మళ్ల ఒకటి రాసిన, సగం అదే ముచ్చట. సెర్చ్ కన్సోల్ (గూగుల్ల మన పేజీలు ఎట్ల కనిపిస్తున్నయో చూపించే గూగుల్ టూల్) తెరిచి చూస్తే ఒక వారం ఇది పైకి, ఒక వారం అది పైకి, రెండూ ఒకదాని కాళ్లు ఒకటి గుంజుకుంటున్నయి. చివరికి రెండోదాన్ల ఉన్న మంచి ముక్కలు మొదటిదాన్ల కలిపి, రెండోదాని అడ్రస్‌ను మొదటిదానికి 301 రీడైరెక్ట్ పెట్టిన, అంటే ఆ లింక్ నొక్కినోళ్లు సీదా మొదటిదానికే పోతరు. అప్పుడు కుదురుకుంది. సిరీస్ అంటే అన్నీ దగ్గరి చుట్టాలే కాబట్టి ఈ తప్పు మస్తు ఈజీగ అయితది, రాసే ముందల "ఇది ఏ ప్రశ్నకు జవాబు" అని ఒక్క లైన్ రాసుకొని, ఆ లైన్ ఇంకో ఆర్టికల్‌కు కూడా ఉంటే ఆపేయాలె.

మూడోది చిన్నదే గని నవ్వొస్తది. తెలుగు హెడ్డింగ్ పెడితే లింక్ కూడా తెలుగులనే తయారైతది, దాన్ని వాట్సాప్ల పంపితే శాతం గుర్తులు, అంకెలు, అక్షరాలు కలిసి రెండు మూరల పొడుగు అయితది, మా పెద్దమ్మ అది చూసి ఫోన్‌కు వైరస్ వచ్చిందని స్విచ్చాఫ్ చేసుకుంది. అప్పటి నుంచి లింక్ మాత్రం చిన్నగ ఇంగ్లీష్ అక్షరాల్ల పెడుతున్న.

సెర్చ్ కన్సోల్ అన్న గద, అది ఫ్రీనే, సైట్ ఉన్న ప్రతీ ఒక్కరు పెట్టుకోవాలె. జనం ఏం టైప్ చేసి మన దాక వచ్చిన్రో అండ్ల కనిపిస్తది. నాకైతే అది చూసుడు ఊరి రచ్చకట్ట మీద కూసొని ముచ్చట్లు వినుడు లెక్క ఉంటది. తెలుగుల వెతికేటోళ్లల్ల మస్తుమంది తెలుగును ఇంగ్లీష్ అక్షరాల్లనే కొడతరు. ఇక్కత్ అనే మాటనే ఐదారు తీర్ల కొడతరు. ఇంకోటి, 2016ల జిల్లాలు విడిపోయి పోచంపల్లి యాదాద్రి భువనగిరిలకు పోయింది, అయినా "నల్గొండ జిల్లా పోచంపల్లి" అని కొట్టేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు, కాబట్టి ఆర్టికల్ల "ఒకప్పటి నల్గొండ జిల్లా" అని ఒక ముక్క కలిపిన. అబద్ధం కాదు కదా.

ఐదోది ఉతుకుడు మీద రాసిన. నిజం చెప్పాలంటే అది రాయబుద్ధి కాలే, ఇదేం ముచ్చట, దీనికోసం ఎవరొస్తరు అనిపించింది. కాటన్ అయితే మొదటిసారి విడిగ చల్లనీళ్లల్ల, నీడకు ఆరేయాలె, పట్టు అయితే డ్రైక్లీన్, ముదురు ఎరుపు మొదట్ల జర వదులుతది భయపడొద్దు, మడతలు అప్పుడప్పుడు మార్చాలె. గంతే. అరగంటల అయిపోయింది. మామకు చదివితే కూడా "ఊ" అన్నడు. ఆ ఆర్టికలే అన్నింటికన్న ఎక్కువ మందిని తెచ్చింది! ఎందుకా అని ఆలోచిస్తే, చీర కొనేటోళ్లు ఎంతమంది, ఇంట్ల చీర ఉన్నోళ్లు ఎంతమంది? బీరువాల పోచంపల్లి చీర ఉన్న ప్రతీ ఆడమనిషికి ఎప్పుడో ఒకనాడు ఆ అనుమానం వస్తది. వాళ్లు చీర కొననీకి రాలే, గని ఆ పేజీల "అంచు ఎందుకు పాకినట్టు ఉంటది" అన్న లింక్ నొక్కి అక్కడి నుంచి ఆసు వీడియోకు పోయి, అక్కడి నుంచి చీరల కాడికి వచ్చినోళ్లు ఉన్నరు. వరంగల్ నుంచి ఒక టీచరమ్మ ఇట్లనే వచ్చింది, ఉతకనీకి వచ్చి మూడు చీరలు తీసుకుంది, ఒకటి వియ్యపురాలికట.

ఆరోది తేలియా రుమాల్. అది మా ఊరిది కాదు, పుట్టపాకది, సంస్థాన్ నారాయణపురం మండలం. అమ్మేది మా దగ్గర లేదు కూడా. అయినా రాసిన, ఎందుకంటే ఆ ఫోన్లు చేసేటోళ్లు రెండూ ఒకటే అనుకుంటున్నరు. నూలును నూనెల, ఆముదం కాయల బూడిద నీళ్లల్ల రోజుల తరబడి నానబెట్టి పిసుకుతరు, అందుకే ఆ పేరు, ఎరుపు నలుపు తెలుపు రంగులు, కొత్త గుడ్డ వాసన చూస్తే నూనె వాసన వస్తది. 2020ల దానికి విడిగ జీఐ వచ్చింది. మామ అన్నడు, "మన కాడ లేనిదాని గురించి రాసి మనకేం వస్తదిరా?" నాకు కూడా జవాబు లేకుండె. గని ఆ ఆర్టికల్ చివర్ల "ఇది కావాలంటే పుట్టపాక పోండి, మా దగ్గర దొరకదు" అని రాసిన. పుట్టపాకల మామకు తెలిసిన ఒకాయన దాన్ని వాళ్ల గ్రూపుల పెట్టుకున్నడు, ఆ తర్వాత పట్టు చీర అడిగినోళ్లను మామ కాడికి పంపుతున్నడు. ఎంతమంది వచ్చిన్రంటే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, గని వచ్చినోళ్లు బేరం ఆడలే.

ఏడోది ఊరికి ఎట్ల రావాలె, వస్తే ఏం చూడాలె. హైదరాబాద్ నుంచి గంటన్నర తొవ్వ, 2021ల యూఎన్ టూరిజం వాళ్లు బెస్ట్ టూరిజం విలేజ్ అని ఎంచిన్రు కాబట్టి ఆదివారాలు కార్లు వస్తనే ఉంటయి. మగ్గం చూడనీకి వస్తే మధ్యాహ్నం భోజనం టైముల రావొద్దని, నేసేటోన్ని అడగకుండ ఫోటో తీయొద్దని కూడా రాసిన. అది మామ రాయమన్నడు.

ఏడింటికీ నాకు పట్టింది ఐదు నెలలు. మొదట వారానికి ఒకటి అనుకున్న, దసరా వచ్చింది, ఆఫీసుల రిలీజ్ వచ్చింది, ఒకసారి నలభై రోజులు ఏం రాయలే. కొంప మునగలే. పెట్టిన తెల్లారే ఏం జరగదు, మొదటి రెండు నెలలు సెర్చ్ కన్సోల్ల గీత నేల మీద పండుకొనే ఉండె, నాలుగో ఆర్టికల్ పెట్టి పాతవాటికి లింకులు కలిపినాక లేవడం మొదలయింది. ఇప్పుడు నెలకు ఐదారు చీరలు పోతున్నయి. మామ దగ్గర ఒక వార్పుకు (ఒక్కసారి మగ్గానికి ఎక్కించే పడుగు) ఏడు చీరలు, అంటే నెలకు దగ్గర దగ్గర ఒక వార్పు సైట్ మీదనే పోతుంది. పెద్ద వ్యాపారం కాదు, గని షావుకారు చెప్పిన రేటుకు ఇయ్యాల్సిన పని లేదు.

ఏడు అయినయి ఇగ ఖతం అనుకున్న. మొన్న పోయినప్పుడు అత్తమ్మ గుమ్మం కాడ రాట్నం ముందల కూసొని కండెలు (పేక దారం చుట్టే చిన్న గొట్టాలు) చుడుతుంది. నన్ను చూసి "అన్ని రాసినవట, మీ మామ ఫోన్ల అందరికి చూపిస్తుండు. కండెలు ఎవరు చుడతరో రాసినవా?" అన్నది. రాయలే. ఒక్క ఆర్టికల్ల కూడా లేదు. నేసేటోన్ని ఆనుకొని ఒక మనిషి పొద్దుగూకుల కండెలు చుడితేనే నాడె (మగ్గంల పేక దారాన్ని అటు ఇటు తీసుకపోయేది) నడుస్తది, ఆ సంగతి నేను ఏడు ఆర్టికల్స్ల ఎక్కడా అనలే.

ఫోన్ తీసి "ఇప్పుడే తీస్త అత్తమ్మా, నువ్వు చుట్టు" అన్న. ఆమె కొంగు తల మీదికి గుంజుకొని మొఖం అటు తిప్పింది. "మొఖం వద్దు బిడ్డా, చెయ్యి తియ్యి."